ముందురోజే చెప్పండి: హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలతో

(ఒక ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థుల పరిచయ కార్యక్రమంలో హాస్టళ్ల చీఫ్ వార్డెన్ చేసిన ప్రసంగం. సభలో తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఆవిడ ఎలక్ట్రికల్ విభాగంలో ప్రొఫెసర్.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ అమ్మలూ నాన్నలూ, ముందుకొచ్చి కూర్చోండి. మొదటి రెండు వరసలూ ఖాళీయే. పిల్లలెలాగూ అక్కడ కూర్చోరు, ఏ బ్యాచ్ వచ్చినా అంతే.

పొద్దున ప్రిన్సిపాల్ గారు ఉద్యోగాల గురించి, ప్యాకేజీల గురించి చెప్పారు. నా వంతుకొచ్చేసరికి తాళంకప్పలు, బకెట్లు, జ్వరాలు, గజ్జి మిగిలాయి. (నవ్వులు) నవ్వండి. దీపావళి సెలవుల్లోపు మీలో కొందరు ఈ గజ్జి గురించే నా ఆఫీసు బయట నిలబడతారు.

"మేడం, ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే ఉన్నాం, మాకిదేం కొత్త కాదు" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరంటారు. అది వేరే హాస్టలమ్మా. అక్కడ తెల్లవారుజామున ఎవరో తలుపు కొట్టి లేపారు. స్టడీ అవర్‌లో ఎవరో వెనక నిలబడ్డారు. ఫోన్ లేదు, చేతిలో డబ్బు లేదు, గేటు బయటికి పోయే పని లేదు. ఒంట్లో బాగోకపోతే క్లాసులో కనబడలేదని ఇన్‌చార్జి వచ్చి చూశాడు. ఇక్కడ అవేవీ ఉండవు. మిమ్మల్నెవరూ లేపరు. మీరు మూడు రోజులు గదిలోంచి బయటికి రాకపోతే, పక్క మంచం వాడికి తప్ప ఇంకెవరికీ తెలియకపోవచ్చు. అందుకే నేను ఇవాళ గార్డుల గురించి, కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. అవి ఉన్నాయి, వాటి పని అవి చేస్తాయి. నా దగ్గరికొచ్చిన పెద్ద గొడవల్లో చాలావాటిని వెనక్కి తవ్వుకుంటూ పోతే, ఎక్కడో ఒక చిన్నరోజు దొరుకుతుంది. ఆ రోజు ఎవరికో ఒకరికి ఒక్క మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. గోటితో పోయేది గొడ్డలిదాకా రావడమంటే ఏమిటో చూడాలంటే హాస్టల్లో ఉండాలి.

సరే, గది. ముగ్గురేసి ఉంటారు. ముగ్గురివీ మూడు ఊళ్లు, మూడు నిద్రలు. ఒకడికి లైటుంటే నిద్ర పట్టదు, ఇంకొకడు రాత్రి రెండింటికి గానీ పుస్తకం తీయడు. మొదటి వారంలోనే కూర్చుని మాట్లాడుకోండి: లైటు ఎన్నింటికి తీయాలి, ఫోన్ మాట్లాడాలంటే వరండాలోకి వెళ్లాలా, బయటి స్నేహితులు గదిలో పడుకోవచ్చా. మొహమాటపడితే నవంబరుకల్లా "రూమ్ మార్చండి మేడం" అని కాగితం పట్టుకొస్తారు. అప్పటికి అసలు గొడవ దేని గురించో వాళ్లకే గుర్తుండదు.

తాళం మీ సొంతది కొనుక్కోండి, కాస్త మంచిది. దొంగతనాలు అర్ధరాత్రి జరుగుతాయనుకుంటారు, కాదు. పొద్దున స్నానాల వేళ, రాత్రి భోజనాల వేళ. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా కదా" అని తలుపు దగ్గరికేసి పోతారు చూడండి, అప్పుడు. ల్యాప్‌టాప్ బిల్లు, దాని అడుగున ఉండే సీరియల్ నంబరు ఇవాళే ఫోటో తీసి ఇంటికి పంపండి. ఫోన్‌లో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, అదీ రాసి పెట్టుకోండి. ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించండి, బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి, ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు పెట్టి, సంచార్ సాథీ పోర్టల్లో ఆ ఐఎంఈఐని బ్లాక్ చేయించండి. 2023 నుంచి ఈ ఏర్పాటు దేశమంతా ఉంది. పోయిన ఫోన్లు దీనివల్ల దొరికిన వాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. బాధపడుతూ కూర్చుంటే మాత్రం దొరకదు.

ఇప్పుడు నా సబ్జెక్టుకొస్తాను. వాటర్ హీటర్ రాడ్. హాస్టల్లో నిషేధం. అయినా ట్రంకు పెట్టెల్లో, దుప్పట్ల మడతల్లో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. (నవ్వులు) ఎందుకు వద్దంటున్నామో లెక్కేసి చూపిస్తాను, ఈఏపీసెట్ రాసినవాళ్లు కదా. రాడ్ 1500 వాట్లు. మన సరఫరా 230 వోల్టులు. భాగించండి. ఆరున్నర ఆంపియర్లు. మీ మంచం పక్కనున్న సాకెట్ 6 ఆంపియర్లది, ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ పెట్టింది. అందులోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, ఒకడు రాడ్డూ ఇంకొకడు కెటిలూ పెడతారు. వైరు వేడెక్కుతుంది, లోపలి తొడుగు మెత్తబడుతుంది. అదంతా గోడ లోపల జరుగుతుంది, మీకు కనబడదు. ఒక రోజు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన రోజు చెప్పాలి. చెప్పరు, ఎందుకంటే చెబితే రాడ్ సంగతి బయటపడుతుంది! అందుకని నేనొక మాట ఇస్తున్నాను, రాసుకోండి: వైరు కాలిన వాసన వచ్చిందని వచ్చి చెప్పినవాడికి జరిమానా ఉండదు. రాడ్ తీసేసుకుంటాను, అంతే.

ఇళ్లల్లో వాడేటప్పుడైనా గుర్తుంచుకోండి. ముందు రాడ్ నీళ్లలో పెట్టి తర్వాత స్విచ్ వేయాలి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, తర్వాత రాడ్ తీయాలి. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడడం అనే అలవాటు మనవాళ్లది, అది ప్రాణం తీస్తుంది. ఎవరికైనా షాక్ కొడితే పరుగెత్తుకెళ్లి పట్టుకోకండి. మెయిన్ ఆపండి. ఆపే వీల్లేకపోతే పొడిగా ఉన్న కర్రతో వైరును పక్కకి నెట్టండి. ప్రతి ఫ్లోర్ మెయిన్ స్విచ్ మెట్ల పక్కన ఎర్ర పెట్టెలో ఉంటుంది, ఇవాళ గదికి వెళ్లేటప్పుడు ఒకసారి చూసుకుంటూ వెళ్లండి. ఇంకొకటి, దోమల కాయిల్. మంచం కింద వెలిగించి పడుకుంటారు, దుప్పటి కొస జారి దాని మీద పడుతుంది. దోమతెర కట్టుకోండి, చవక.

దోమలంటే జ్వరాలు. మన దగ్గర వానలు మొదలయ్యాక డెంగీ రావడం మామూలైపోయింది. ఆ దోమ పగలు కుడుతుంది, కాబట్టి రాత్రి తెర కట్టుకున్నా పగలు ఒళ్లు కప్పే బట్టలు కావాలి. గది బయట కూలర్లో, వాడని బకెట్లో నీళ్లు నిలవ ఉంచకూడదు. జ్వరం వస్తే పారాసిటమాల్ ఒక్కటే వేసుకోండి. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోకండి, డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. అసలు మోసం ఎక్కడుందంటే, డెంగీలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, తగ్గేటప్పుడు. నాలుగో రోజో అయిదో రోజో ఒళ్లు చల్లబడుతుంది, "హమ్మయ్య" అని రూమ్మేట్లు క్లాసుకి పోతారు. సరిగ్గా అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం మొదలవ్వచ్చు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆసుపత్రికే. 108కి ఫోన్ చేయండి, నాకు తర్వాత చెప్పినా ఫర్లేదు. నా అనుమతి కోసం ఆగకండి. జ్వరం వచ్చిన మొదటిరోజే ఫ్లోర్ రిప్రజెంటేటివ్‌కి చెబితే మేం రోజూ కనిపెట్టుకుని ఉంటాం. మీరేమో ఇంట్లో కంగారు పడతారని దాస్తారు. అయిదో రోజు మీ అమ్మగారికి ఫోన్ చేసి చెప్పాల్సింది నేను. ఆ ఫోన్ ఎలా ఉంటుందో మీకు తెలియదు.

గజ్జి సంగతి చెబుతానన్నాను కదా. మురికిగా ఉండేవాళ్లకే వస్తుందని అనుకుంటారు. అది కంటికి కనబడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది, ఒకే పరుపు మీద కూర్చుని సినిమా చూస్తే, టవలు పంచుకుంటే, శుభ్రంగా ఉండే వాళ్లకీ అంటుకుంటుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం దగ్గర దురద, రాత్రిళ్లు ఎక్కువ. సిగ్గుపడి ఒకడు దాస్తాడు, నెల తిరిగేసరికి ఫ్లోరంతా గోక్కుంటుంది. మందు తేలికే, డాక్టరు పెర్మెత్రిన్ క్రీము రాస్తారు. మెడ కింద నుంచి పాదాల దాకా రాత్రి పూసుకుని పొద్దున కడుక్కోవాలి, చెప్పిన ప్రకారం మళ్లీ ఒకసారి పూసుకోవాలి. కానీ గదిలో ముగ్గురూ ఒకే రోజు పూసుకోవాలి. దురద ఉన్నవాడొక్కడే పూసుకుంటే అది ముగ్గురి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. దుప్పట్లూ బట్టలూ అదే రోజు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి.

తామర కూడా అలాగే. షాపువాడు ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, మందు భలే పనిచేసిందనుకుంటారు. లోపల అది పాకుతుంది, తర్వాత మామూలు మందుకు లొంగదు. చర్మానికి డాక్టరు రాయకుండా ఏ ట్యూబూ వద్దు.

మెస్ గురించి ఎక్కువ చెప్పను. పప్పు పల్చగా ఉంటుంది, ఒప్పుకుంటున్నాను. (చప్పట్లు) పల్చని పప్పుకి మెస్ కమిటీ ఉంది, అందులో విద్యార్థులే ఉంటారు. అన్నంలో పురుగు కనబడితే ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు ఆ పూట వంట ఆపించండి, తినబోయేవాళ్లు ఇంకా వరసలో ఉంటారు కదా. ఆ తర్వాత ఎక్కడైనా పెట్టుకోండి, నేనేం అనను. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్ని నీళ్లు, రుచి కోసం తగ్గించకూడదు. ఒకేసారి ఒకే ఫ్లోర్‌లో నలుగురికి వస్తే అది నీళ్ల ట్యాంకు గొడవ. ఆ నలుగురూ ఎవరికి వాళ్లు గదిలో పడుకుంటే ఆ విషయం మాకెలా తెలుస్తుంది?

ఉబ్బసం, ఫిట్స్, ఏదైనా మందు పడకపోవడం, ఇలాంటివి ఉంటే రూమ్మేట్‌కి చెప్పండి. పెళ్లి సంబంధానికి దాచే విషయాల్లా వీటిని దాస్తారు. ఇన్‌హేలర్ ఎక్కడ పెట్టారో పక్కవాడికి తెలియాలి.

ఇక ర్యాగింగ్. మీ అమ్మానాన్నల చేత, మీ చేత ప్రమాణపత్రం రాయించుకున్నాం. అది ఊరికే దస్త్రంలో పెట్టుకునే కాగితం కాదు. 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరం కుర్రాడు సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. అదే ఏడాది యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, నిబంధనలు వచ్చాయి, ఈ పత్రం వాటిలోనిదే. మన రాష్ట్రంలో అంతకు ముందే, 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, రాష్ట్రం రెండైనా రెండుచోట్లా అదే చట్టం. అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు. చేయి చేసుకుంటే ఏడాది. నిర్బంధిస్తే రెండేళ్లు. తీవ్రంగా గాయపరిస్తే అయిదేళ్లు. ప్రాణం పోతే, లేదా ప్రాణం తీసుకునేలా చేస్తే, పదేళ్లు గానీ యావజ్జీవం గానీ.

దీన్ని ఇక్కడ ఎవరూ ర్యాగింగ్ అనరు. "ఇంట్రో" అంటారు. "మేమూ ఇచ్చాం, మీరూ ఇవ్వాలి" అంటారు. ఒక సీనియర్ పేరూ ఊరూ అడిగి, ల్యాబు ఎటో చూపించి టీ తాగించాడనుకోండి, అది మంచితనం. అర్ధరాత్రి గదికి పిలిచి నిలబెట్టడం, రికార్డులు రాయించడం, పాటలు పాడించి వీడియో తీయడం, వాట్సాప్ గ్రూపులో బూతులు తిడుతూ బయటికి పోతే చూస్తామనడం, ఇవి ర్యాగింగే. తేడా మీకు తెలియకేం కాదు. తెలిసీ, కులంవాడనో, ఊరివాడనో, రేపు ప్రాజెక్టులో సాయపడతాడనో ఊరుకుంటారు. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకి హెల్ప్‌లైన్ 1800-180-5522. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. నా మీద నమ్మకం లేకపోతే నేరుగా అక్కడికే చేయండి, అది ఢిల్లీ నుంచి తిరిగి నా టేబుల్ మీదికొస్తుంది, నేను జవాబు చెప్పాలి. యూజీసీ నిబంధనల ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లాల్సిన బాధ్యత కాలేజీ ప్రిన్సిపాల్‌ది. వచ్చే ఏడాది సీనియర్లు మీరే అవుతారు, ఆ శిక్షల జాబితా అప్పటికీ ఇదే.

డబ్బు. ఇది ఈ మధ్యే పెరిగింది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. మీ దగ్గరికొకడు వస్తాడు, చాలాసార్లు తెలిసినవాడే. "నీ పేరు మీద బ్యాంకు అకౌంటు తెరిచి, ఏటీఎం కార్డూ సిమ్మూ నాకివ్వు, నెలకింత ఇస్తా" అంటాడు. మీరేమీ చేయక్కర్లేదు. ఎక్కడో ఒక రిటైర్డ్ మాస్టారిని మోసం చేసి లాగిన డబ్బు మీ అకౌంటులోంచి పోతుంది. పోలీసులకు దొరికేది మీ పేరే. ఇలా విద్యార్థుల్ని అరెస్టు చేసి వేరే రాష్ట్రాలకు తీసుకెళ్లిన సందర్భాలున్నాయి. "నాకు తెలియదు సార్" అన్నంత మాత్రాన ఎవరూ వదలరు. ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవాళ సాయంత్రమే బ్యాంకుకెళ్లి అకౌంటు మూయించండి, నా దగ్గరికి రండి, పోలీసుల దగ్గరికి మనమే వెళదాం.

బెట్టింగ్ కూడా అంతే. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో ఆన్‌లైన్ పందేల్ని నిషేధించారు, 2025లో కేంద్రం చట్టం కూడా వచ్చింది. యాప్‌లు మాత్రం పేర్లు మార్చుకుని తిరుగుతున్నాయి. ఐపీఎల్ రోజుల్లో మొదలై, ఫీజు డబ్బు పోయి, లోన్ యాప్‌కి పోయి, వాళ్లు ఫోన్‌లోని నంబర్లన్నిటికీ ఫోటోలు పంపిస్తామని బెదిరిస్తారు. ఆ స్థితిలో ఉన్నవాడు ఒక్కటే ఆలోచిస్తాడు, నాన్నకి తెలియకూడదని. అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్లతో అంటున్నాను: పిల్లవాడు ఫోన్ చేసి "నాన్నా, డబ్బులు పోగొట్టుకున్నా" అంటే, ఆ రోజు తిట్టకండి. మర్నాడు తిట్టండి. ఆ రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. డబ్బు పోయిన మొదటి గంటల్లో చేస్తే అవతలి ఖాతాలో ఆపించే అవకాశం ఉంటుంది.

ఆడపిల్లలకు. గేటు టైము గురించి మీరు అడుగుతారని తెలుసు. నా సొంత అభిప్రాయం, ఆరున్నరకి ఆడపిల్లల హాస్టలుకి తాళం వేసి, మగపిల్లల్ని పదింటిదాకా వదిలేయడం భద్రత కాదు. లైబ్రరీ తొమ్మిదిదాకా ఉంటే మీరూ తొమ్మిదిదాకా చదువుకోవాలి. దాని కోసం నేను కమిటీలో వాదిస్తున్నాను, ఇంకా తేలలేదు. ఈలోగా అవుట్ రిజిస్టర్‌లో నిజం రాయండి. "అత్తయ్యగారింటికి" అని రాసి ఇంకెక్కడికో వెళితే, ఏదైనా జరిగిన రోజు మేం అత్తయ్యగారింటి చుట్టూ తిరుగుతుంటాం. మీరు ఎవరితో వెళ్లారో నాకక్కర్లేదు, ఎక్కడున్నారో కావాలి.

ఎవరైనా, లెక్చరరైనా సరే, ఇబ్బంది పెడితే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంది. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, కాబట్టి పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకండి. ఫోటోలు పెట్టుకుని బెదిరిస్తే డబ్బివ్వకండి, ఒకసారిస్తే అది ఆగదు. మెసేజ్‌లు తుడిచేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. 112కి చేయండి, హైదరాబాద్ వైపు ఉంటే ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి. "మా పరిధి కాదమ్మా" అని స్టేషన్‌లో అంటే, ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాలి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది స్పష్టంగా ఉంది.

నీళ్లు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి టూరుకెళ్లిన ఇంజినీరింగ్ పిల్లలు హిమాచల్‌లో బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది పోయారు. మీ వయసు వాళ్లే. దూరం వెళ్లక్కర్లేదు, విశాఖ రామకృష్ణా బీచ్ చూడ్డానికి ఎంతో నెమ్మదిగా ఉంటుంది, మోకాలి లోతు నుంచి లాక్కుపోతుంది. కాలవల్లో పాచిపట్టిన మెట్లు. స్నేహితుడు మునుగుతుంటే దూకకండి, ఒకడి వెంట ఇంకొకడు పోతారు. చున్నీలు, లుంగీలు ముడేసి విసరండి, కర్ర అందించండి, ఖాళీ డబ్బా విసరండి, అరవండి. బైకు మీద ముగ్గురు ఎక్కి అర్ధరాత్రి హైవే దాబాకి పోవడం గురించి ఏం చెప్పాలి? పోకండి.

చివరిది, కొంచెం కష్టమైనది. మీరంతా మీ ఊళ్లో, మీ స్కూల్లో ఫస్టు. ఇక్కడ అందరూ ఫస్టే కాబట్టి, మొదటి మిడ్ పరీక్షలో ఇరవైకి ఆరు వచ్చినప్పుడు కొందరికి భూమి కదిలినట్టుంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఇంకా. ఒక సబ్జెక్టు పోతే మళ్లీ రాసుకోవచ్చు, మన డిపార్ట్‌మెంట్ లెక్చరర్లలోనే బ్యాక్‌లాగులున్నవాళ్లున్నారు, పేర్లు చెప్పను. (నవ్వులు) కానీ రూమ్మేట్ మెస్‌కి రావడం మానేసినా, ఇంటి ఫోన్ ఎత్తకపోయినా, తన వస్తువులు ఊరికే పంచిపెడుతున్నా, "నేను లేకపోయినా ఏం కాదు" లాంటి మాటలంటున్నా, పక్కన కూర్చుని సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా పుట్టదు. వాడు "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వేయకండి. వేసినా తప్పేయండి. వాణ్ని ఒంటరిగా వదలకండి, ఎంత రాత్రయినా నన్ను లేపండి. 14416 టెలీ మానస్, మనసు బాగోనప్పుడు ఫోన్‌లో సాయం చేసే లైను, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, పైసా అక్కర్లేదు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు, చెప్పండమ్మా.

(ఒక తల్లి: మేడం, రోజూ వీడియో కాల్ చేసి ఏం తిన్నారో చూపించమంటే చిరాకు పడుతున్నాడండీ. చేయమంటారా, మానమంటారా?)

రోజూ చేయకండమ్మా, ప్లేటు చూపించమని అసలే అడగకండి. వారానికి రెండుసార్లు, వాడికి వీలైన టైములో. కానీ ఇవాళ వెళ్లేముందు వాడి రూమ్మేట్లిద్దరి నంబర్లూ, వాళ్ల అమ్మల నంబర్లూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఆ ముగ్గురు తల్లులూ ఒకసారి మాట్లాడుకుంటే చాలు. మీ వాడికి చెప్పక్కర్లేదు.